రైట్ క్లిక్ నిషేధించడమైనది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సమస్త వెబ్ డిజైనర్లకూ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, మన పనిని కాపాడుకోడానికి ఇంతవరకు కనిపెట్టిన ఆయుధాల్లో రైట్ క్లిక్ నిషేధాన్ని మించింది లేదు. బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్టు అనే కోడు నాలుగు లైన్లు, అంతే. మౌసు కుడి బటన్ నొక్కగానే "ఈ సైటు కాపీరైటు" అని ఒక పెట్టె తెరుచుకుంటుంది. దొంగ హడలిపోతాడు. బ్రౌజరు మూసేసి, వచ్చే ఆదివారం అరసవల్లి వెళ్లి దండం పెట్టుకుని, కొత్త బతుకు మొదలెడతాడు.

మొదలెట్టని మొండిఘటం ఒకడుంటాడు. వాడు కంట్రోల్-యూ నొక్కుతాడు, సోర్సంతా, అంటే పేజీ వెనకున్న కోడంతా, కళ్ల ముందుంటుంది. ఆ మీటనూ మనం బంద్ చేశామనుకోండి, బ్రౌజరు సెట్టింగుల్లోకి వెళ్లి జావాస్క్రిప్టునే ఆపేస్తాడు. మనం పెట్టిన కాపలావాడు అక్కడికక్కడే నిద్రపోతాడు. అంత ఓపిక కూడా లేనివాడు, మొత్తం సైటును దించిపెట్టే ప్రోగ్రాము హెచ్‌టీట్రాక్‌కి అడ్రసు అప్పజెప్పి టీకి వెళ్తాడు, వచ్చేసరికి పేజీలూ, బొమ్మలూ, రంగులూ అమరికా చెప్పే సీఎస్ఎస్ కోడూ ఒక ఫోల్డర్లో సర్ది ఉంటాయి. పేజీ కనబడాలంటే ఈ సరుకంతా ముందు చూసేవాడి కంప్యూటర్లోకి దిగాలి మరి. కోడును గజిబిజి చేసినా బ్రౌజరుకి అర్థమయ్యేది ఓపికున్న మనిషికీ అర్థమవుతుంది. దిగనివి సైటు ఉండే సర్వరు కంప్యూటర్లో నడిచే పీహెచ్‌పీ కోడు, డేటాబేసు మాత్రమే. దాచుకోవలసిన తెలివేదైనా ఉంటే అక్కడ దాచుకోవాలి.

అంతమాత్రాన నిషేధం వృథా అనడానికి లేదు. పలాస జీడిపప్పు టోకున కొందామని వచ్చి, ఫోన్ నంబరు కాపీ చేసుకోబోయిన పొరుగూరి వ్యాపారిని అది దిగ్విజయంగా ఆపుతుంది.

ఇక మన దగ్గరి కాపీ పనివాళ్లలో ఉన్నంత నిజాయితీ మరెక్కడా దొరకదు. ఎత్తుకెళ్లిన సైటులో కామా కూడా మార్చరు. శ్రీకాకుళంలో ఫంక్షన్ హాలు సైటు తెరిచి దారి చూడబోతే మ్యాపు విజయనగరం కోట జంక్షనుకి పంపుతుంది. "మమ్మల్ని సంప్రదించండి" ఫారం నింపితే మెయిలు అసలు సైటు యజమానికి చేరుతుంది, ఎందుకంటే ఫారం వెళ్లాల్సిన చిరునామా మార్చాలని తోచలేదు. సైటుకి వచ్చేవాళ్లని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ ఐడీ కూడా పాతదే, కాబట్టి దొంగ సైటుకి రోజూ ఎందరొస్తున్నారో లెక్క మన ఖాతాలో పడుతుంది. ఆ రిపోర్టులో హోస్ట్‌నేమ్ (సైటు పేరు) వరస ఒకసారి చూడండి, మన పేరు కానిది కనబడితే వాడే. కొందరు బొమ్మలు దించుకునే శ్రమ కూడా పడరు, మన సర్వరు నుంచే చూపిస్తారు. వాళ్ల గ్యాలరీకి బ్యాండ్‌విడ్త్ బిల్లు మనది. అలాంటప్పుడు ఫైలు పేరు మార్చి మన పేజీలో కొత్త పేరు పెట్టుకుని, పాత పేరు మీద "ఈ ఫొటో మాది" అన్న కార్డు పెడితే వాళ్ల ముఖపేజీ మరుక్షణం నిజం చెబుతుంది. మన సర్వర్లో మన ఫైలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దొరికాక వాడికి ఫోన్ చేసి తిట్టాలనిపిస్తుంది. తిడితే సాయంత్రానికి సైటు మాయమవుతుంది, దాంతోపాటు సాక్ష్యమూ పోతుంది. ముందు రెండు సైట్ల పేజీలనూ వెబ్ పేజీల్ని తేదీతో సహా దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్లో సేవ్ చేయాలి, తేదీ కనబడేలా స్క్రీన్ షాట్లు తీయాలి, కోడు ఎప్పుడేం రాశామో చూపే మన గిట్ కమిట్లు భద్రపరచాలి. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలుకి వేలిముద్రలాంటి హ్యాష్ విలువ రాయాలి. ఆ తరవాత వాడి సైటు సర్వరు అద్దెకిచ్చే ఏ హోస్టింగు కంపెనీలో ఉందో వెతికి, వాళ్లకే నోటీసు పంపాలి. అమెరికా హోస్టింగయితే అక్కడి 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైటు చట్టం ప్రకారం. నోటీసులో ఉండాల్సినవి మన పేజీ లింకు, వాడి పేజీ లింకు, మన వివరాలు, రాసింది నిజమన్న ప్రమాణం, సంతకం. "మా కష్టం దోచుకున్నారు సార్" అని నాలుగు పేజీలు రాస్తే చదివే నాథుడుండడు. లింకులు రాస్తే చదువుతారు.

నోటీసు పంపే ముందు సొంత పెరడు చూసుకోవడం మంచిది. మన సైట్లో స్లైడరు ఫొటోలు గూగుల్లో దొరికినవై, సైటుకి రూపమిచ్చే థీము ఎవరో తాళం విరగ్గొట్టి పంచినదై ఉంటే ధర్మయుద్ధం కాస్త ఇరుకున పడుతుంది. సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్, ఎవరైనా పంచుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సు కింద ఉంది కాబట్టి థీము పీహెచ్‌పీని పంచుకోవడం నేరం కాదని కొందరు పండితులంటారు. నిజమే, కానీ కొన్ని థీముల్లో బొమ్మలకీ సీఎస్ఎస్‌కీ వేరే లైసెన్సు ఉంటుంది. పైగా ఊరికే దొరికిన జిప్ ఫైల్లో ఎవరో దొడ్డిదారి తెరిచి ఉంచడం మామూలే. ఇక నీలం హెడరు, మూడు డబ్బాలు, కింద మ్యాపు అన్న అమరిక నాదేనంటే చట్టం నవ్వుతుంది. ఆలోచనకి కాపీరైటు లేదు. రాసిన కోడుకీ గీసిన బొమ్మకీ ఉంది.

ఆ కోడు ఎవరిదన్నది మన కస్టమర్లకి పుట్టుకతోనే తెలుసు: "డబ్బులిచ్చాం కదా, మాదే." ఇవ్వకపోయినా మాదే అన్నది దీనికి అనుబంధ సూత్రం. 1957 కాపీరైటు చట్టం మాత్రం పాతకాలం మనిషిలా మొండికేస్తుంది. కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్య రచన కింద లెక్క. ఉద్యోగంలో భాగంగా రాస్తే యజమానిది, బయటి మనిషి కాంట్రాక్టు మీద రాస్తే రాసినవాడిదే. బదిలీ జరగాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లు, ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే. అందుకని ఒప్పందంలో ఒక్క వాక్యం రాసుకోండి: "పూర్తి మొత్తం అందిన రోజున హక్కులు బదిలీ అవుతాయి." ఈ వాక్యం మీద సంతకం పెట్టమంటే కస్టమరు మొహం ఎటు తిరుగుతుందో చూస్తే, ఆఖరి వాయిదా భవిష్యత్తు అక్కడే తెలిసిపోతుంది.

ఆఖరి వాయిదా పంచాంగం వేరు. సైటు దసరా ముందు లాంచ్ అయిందనుకోండి. దసరా వెనకే వచ్చే విజయనగరం పైడితల్లి జాతర చూపించి, "సిరిమానోత్సవం అవ్వనీ బావూ, ఎక్కడికెళ్లిపోతాం" అంటారు. అయ్యాక దీపావళి సరుకు దిగుతుంది. కార్తీకంలో వ్యాపారం ఉండదు. సంక్రాంతికి కలెక్షన్లు రావాలి. రథసప్తమికి ఊళ్లో ఉండరు. మార్చిలో ఆడిటరుగారు కూర్చుంటారు, జూన్లో అడ్మిషన్లు, ఆషాఢం శూన్యమాసం కాబట్టి డబ్బు బయటికి తీయకూడదు. శ్రావణంలో ఇవ్వచ్చు గానీ ఇంట్లో పెళ్లి. చూస్తే మళ్లీ సిరిమాను. ఈ మధ్యలో "ఒక్క చిన్న మార్పు" అంటూ వచ్చిన వాట్సాప్ మెసేజీలకి శూన్యమాసం వర్తించదు.

ఈ పంచాంగానికి విరుగుడు లాంచికి ముందే ఉంది. పాతికవేల సైటు అనుకుంటే పదివేలు అడ్వాన్సు, డిజైను ఒప్పుకున్న రోజు ఏడున్నర వేలు, లాంచికి ముందు ఏడున్నర వేలు. లాంచి తరవాత రావలసింది సున్నా. మార్పులు రెండు విడతలే, మూడోదానికి విడిగా బిల్లు. ఇక్కడ ఎక్కువమంది బోల్తాపడేది కంటెంటు దగ్గర: చైర్మన్‌గారి సందేశం రాకపోతే సైటు ఆగుతుంది, సైటు ఆగితే వాయిదా ఆగుతుంది. డిజైను ఒప్పుకున్న 15 రోజుల్లో కంటెంటు రాకపోతే చివరి వాయిదా బాకీ పడుతుందని ముందే రాసుకోవాలి. నమూనాలు తక్కువ రెజల్యూషన్ పీడీఎఫ్‌గా, అడ్డంగా పేరు వేసి పంపాలి. డిజైన్లు గీసే ఫిగ్మాలో లింకు చూడ్డానికే ఇచ్చినా ఫైలు కాపీ చేసుకునే వీలు దాంట్లో ఉంటుంది, దాన్ని విడిగా ఆపాలి. కట్టే సైటు మన సర్వర్లో, పాస్‌వర్డు వెనకాల, గూగుల్ వెతుకులాటలో రానివ్వని నోఇండెక్స్‌తో ఉండాలి. డొమైను మాత్రం మొదటి రోజు నుంచీ కస్టమరు పేరునే, కస్టమరు ఖాతాలోనే కొనిపించాలి. డొమైను బిగపట్టి డబ్బు గుంజే డిజైనర్లు మనలో లేరని కాదు. వాళ్లు కూడా తమని బాధితులనే పిలుచుకుంటారు.

డబ్బు రాకపోతే రోజురోజుకీ సైటు వెలిసిపోయేలా ఒక స్క్రిప్టు దొరుకుతుంది, కుర్రాళ్లకి మహా ముచ్చట. మన సర్వర్లో ఉన్న సైటును లాంచ్ చేయకపోవడం వేరు, అప్పగించేసిన సైటులో రహస్యంగా ఇలాంటిది నాటడం వేరు. రెండోదాన్ని ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద చూపిస్తే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. అప్పుడు బాకీ ఉన్నవాడు ఫిర్యాదీ, బాకీ రావలసినవాడు ముద్దాయి.

చిన్న వ్యాపారాలకి సర్కారు వారిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, పని ఒప్పుకోక ముందే చేసుకోవాలి, గొడవ వచ్చాక చేసుకుంటే పాత బిల్లుకి పనికిరాదన్న వాదన ఎదురవుతుంది. అది ఉంటే, చిన్న వ్యాపారాల కోసం చేసిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం కస్టమరు చెల్లించే గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఈ బాకీ గొడవలు తీర్చే సర్కారు కౌన్సిల్ ఇచ్చిన తీర్పు మీద కస్టమరు కోర్టుకెళ్లాలంటే ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. జీఎస్టీ ఉన్నవాళ్లకి ఇంకో సత్కారం ఉంది: డబ్బు చేతికి రాకపోయినా బిల్లు రాశామంటే పన్ను కట్టాలి. కస్టమరు ఎగ్గొట్టిన సొమ్ము మీద 18 శాతం మనం భక్తితో సమర్పిస్తాం. కస్టమరు 180 రోజుల్లో చెల్లించకపోతే మన బిల్లులోని జీఎస్టీ చూపి తాను పన్నులో తగ్గించుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలన్న సంగతి ఆయన ఆడిటరుకి ఒక మెయిలు పెడితే, పంచాంగంలో ఏదో ఒక శుభముహూర్తం దొరకవచ్చు.

ఇవేవీ చేయకపోయినా పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయొచ్చు. ఆలోగా కస్టమరు బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే ఆ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. అందుకని నోటిమాటగా "ఇస్తాం బావూ" అన్నప్పుడల్లా, అదే ముక్క సంస్థ లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి. చాలామంది కాదనరు. కాకపోతే లెటర్‌హెడ్ ఇంకా కొట్టించలేదని, సైటు రంగుల్లోనే ఒకటి డిజైను చేసి పెట్టమని అడుగుతారు.