కుమావూ పులి సరే, ఉద్దానం ఎలుగు మాటేంటి?

శ్రీకాకుళం జిల్లాలో ఒక గ్రంథాలయానికి వెళ్లి, ప్రకృతి మీద పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగాను. అక్కడాయన నన్ను తీసుకెళ్లి ప్రకృతి వైద్యం అర ముందు నిలబెట్టారు. కాకరకాయ రసం, మెంతులు, షుగరు, కీళ్లనొప్పులు... ఆ వరస నిండా అవే. అడవి మీద, పిట్టల మీద, ఏటి మీద ఒక్కటీ కనబడలేదు. ఆయన్ని అనడానికేముంది, అలాంటి పుస్తకం కావాలని అడిగేవాళ్లు ఉంటే కదా.

నెట్‌లో వెతికితే ఇబ్బంది ఇంకో రకం. తప్పక చదవాల్సిన అడవి పుస్తకాలంటూ జాబితాలు బోలెడు. అలాస్కా మంచు, ఆఫ్రికా సింహం, హిమాలయాల పులి. మంచి పుస్తకాలే. అయితే వరసపెట్టి అవే చదివితే, అడవంటే టికెట్ కొనుక్కుని వెళ్లి చూసొచ్చే చోటు అనిపిస్తుంది. మనకేమో గూడబాతు (పెలికాన్) పెరటి చింతచెట్టు మీద గూడు కడుతుంది, ఎలుగు జీడితోటలో తిరుగుతుంది. అందుకే నాకు ఒకటే కొలత. పుస్తకం మూశాక మన ఊళ్లో ఏదైనా కొత్తగా కనబడిందా, లేదా?

ఆ కొలతతో చూస్తే ముందు చెప్పాల్సింది పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’. 1941లో వచ్చింది. కథ ఉండదు. పిట్ట బొమ్మ, ఎక్కడుంటుంది, ఏం తింటుంది, గూడు ఎలా కడుతుంది, అంతే. కానీ ఏటా మనం చదివే ఒక వార్తను అది తలకిందులు చేస్తుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు అనే రంగుల కొంగలు రాగానే, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు రాగానే ‘సైబీరియా అతిథులు’ అని హెడ్డింగులు పడతాయి. ఈ మూడూ దక్షిణాసియా పక్షులే. సైబీరియాలో వీటి ఊసే ఉండదు. నీళ్లు, చేపలు, నత్తలు ఎక్కడ దొరికితే అక్కడికి దేశంలోనే తిరుగుతుంటాయి. పిల్లల్ని ఇక్కడే కంటాయి. ఆ లెక్కన మన ఊరు వాటికి పుట్టిల్లు.

ఇది జనరల్ నాలెడ్జ్ బిట్టు అనుకుంటే పొరపాటు. విదేశీ చుట్టమైతే ఫొటో తీసుకుని పంపేస్తాం. ఇక్కడే పుట్టిందని తెలిస్తే చెరువు ఎండినప్పుడూ, చింతచెట్టు కొట్టేస్తున్నప్పుడూ అడగాల్సి వస్తుంది. తేలినీలాపురంలో ఒక పెద్దావిడ దగ్గర నేనూ సైబీరియా అని నోరు జారాను. “సైబీరియా ఏటి బాబూ, మా సింతసెట్టు మీదే పుట్టినాయి కదేటి!” అందావిడ. పైనుంచి రెట్టలు పడి తెల్లబడ్డ పెరడు, కుళ్లిన చేపల వాసన, వీటన్నిటితో ఏడాదిలో సగం కాపురం చేసే మనిషి ఆవిడ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘వనవాసి’. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీలో రాసిన ‘ఆరణ్యక్’కు సూరంపూడి సీతారాం తెలుగు. కలకత్తాలో ఉద్యోగం దొరకని సత్యచరణ్ బీహార్ అడవిలోని ఒక ఎస్టేటుకు మేనేజరుగా వెళ్తాడు. మొదట్లో ఆ ఒంటరితనం భరించలేకపోతాడు. తర్వాత ఆ అడవే అతన్ని పట్టేసుకుంటుంది. కానీ అతని ఉద్యోగమేమిటి? ఆ అడవినే ముక్కలు చేసి రైతులకు కౌలుకివ్వడం. ప్రేమించినవాడే దగ్గరుండి నరికిస్తాడు. మరోపక్క యుగళప్రసాద్ అని ఒకడుంటాడు. ఎక్కడెక్కడి పూలమొక్కల విత్తనాలో తెచ్చి, తనకు దమ్మిడీ లాభం లేకపోయినా అడవి కొలను చుట్టూ నాటుతుంటాడు. అడవిదున్నలు గోతిలో పడకుండా చెయ్యెత్తి ఆపే దేవుడూ ఉంటాడు. చివరికి సత్యచరణ్ అడవి దేవతలను క్షమించమని వేడుకుంటాడు. ఈ నవలలో దుర్మార్గుడు లేడు. జీతం తీసుకునే మంచివాడున్నాడు. అదే మింగుడుపడదు.

మన జిల్లా తీరప్రాంతం ఉద్దానంలో కూర్చుని అది చదివితే చుట్టూ ఉన్న జీడి, పనస తోటలు మరోలా కనబడతాయి. ఈ తోటలు తప్పని నేననను, వేల ఇళ్లలో పొయ్యి వెలిగేది వాటితోనే. కానీ పనసపండు వాసనకు ఎలుగు రావడం సహజం. దానికి చూపు, వినికిడి అంతంతమాత్రం, ముక్కు మాత్రం చురుకు. మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీద పడుతుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక రైతు ప్రాణం తీసింది, మరికొందరిని గాయపరిచింది. మత్తిచ్చి పట్టుకున్నాక అదీ చచ్చిపోయింది.

హిమాలయాల్లోని కుమావూ ప్రాంతంలో నరభక్షక పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్‌ను ఇందుకోసమే చదవాలి. 1944 నాటి ‘మ్యాన్‌ఈటర్స్ ఆఫ్ కుమావూ’ను థ్రిల్ కోసం చదివేవాళ్లే ఎక్కువ. 436 మందిని చంపిందని లెక్క తేలిన చంపావత్ ఆడపులిని కాల్చాక ఆయన నోరు తెరిచి చూశాడు. కుడివైపు కోరలు పైదీ కిందదీ విరిగి ఉన్నాయి, ఎప్పుడో తగిలిన తూటాకు. మామూలు వేట చెయ్యలేకే మనుషుల మీద పడిందని తేల్చాడు. తుపాకీ దించాక కారణం వెతికిన ఆ పేజీ మనకు కావాలి.

అమెరికా రచయిత థోరో ‘వాల్డెన్’ రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఆపేశాను. ఒక్క సంగతి మాత్రం నచ్చింది, ఆయన ఒంటరిగా గుడిసె వేసుకుని బతికిన ఆ చెరువు ఊరికి రెండు మైళ్ల లోపే. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ మాత్రం ఒక్క రాత్రిలో అయిపోతుంది. తప్పిపోయిన పంది కోసం చీకట్లో అడవిలోకి వెళ్లిన ముసలాయన కథ. చదవండి, ఇంకేం చెప్పను.

మన దగ్గర లోటు ఎక్కడుందంటే పిట్టల పేర్ల దగ్గర. గిడుగు రామమూర్తి కొండెక్కి సవర గిరిజనుల దగ్గర మాటలు నేర్చుకుని వాళ్ల భాషకు 1931లో వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువులూ తెచ్చారు. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒకచోట పోగేశారు. ఇంత పోగేసే అలవాటున్న జిల్లాలో, పెయింటెడ్ స్టార్క్‌ను పేపర్లో అలాగే ఇంగ్లీషులో రాసుకుంటున్నాం. ఆ చెట్ల కింద బతికేవాళ్లు దాన్ని ఏమంటారో అడిగి రాసుకుంటే అదే మంచి పుస్తకం అవుతుంది.

మొన్న తేలుకుంచిలో ఒక తాత నత్తగుల్ల కొంగను చూపించాడు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తను పట్టడానికి పనికొచ్చేది అదే. “పిల్లలకి ఆ సందు ఉండదు, పెద్దయ్యాకే వస్తాది” అన్నాడు. నమ్మకం కుదరక ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. తాత చెప్పినట్టే ఉంది.