మహారాజశ్రీ ఏఆర్-11 ఫారం గారి దివ్యసముఖమునకు

అమెరికాలో ఇల్లు మారిన పరాయి దేశస్థులు ప్రభుత్వానికి కొత్త అడ్రసు చెప్పుకునే ఫారమైన తమకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమంగా ఉన్నాము. ఆ 'ఇక్కడ' ఎక్కడో మీకు ముందే తెలిసి ఉండాలి, తెలియకపోతే ఆ నేరం నాదే అవుతుంది కనుక మొదటి వాక్యాల్లోనే విన్నవించుకుంటున్నాను: మేము ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్నాము, ఇర్వింగ్‌లో లేము.

మా అమ్మమ్మగారి ఊరికి ఉత్తరం రాయాలంటే తాతయ్య పేరు, 'రామాలయం వెనక వీధి', ఊరి పేరు, వయా తెనాలి అని రాస్తే సరిపోయేది. తాతయ్య ఇంట్లో లేకపోతే పోస్ట్‌మాన్ ఆ ఉత్తరాన్ని రచ్చబండ దగ్గరే చేతికిచ్చి వెళ్ళేవాడు. ఇంటికి నంబరు ఉందో లేదో ఆ ఇంట్లో వాళ్ళకే తెలియదు. మనిషి పేరుకు ముందే ఇంటిపేరు పెట్టుకుని తిరిగే జాతి మాది, ఇల్లు ఎక్కడుందో వేరే చెప్పుకోవలసిన పని ఉంటుందని మాకెవరూ నేర్పలేదు. పెళ్ళితో నా ఇంటిపేరు మారింది. ఆ పెళ్ళి నిజమైనదని నమ్మించడానికి ఇంటి నంబరు కూడా మారిన ప్రతిసారీ తమకు చెప్పుకోవాలని ఇక్కడికి వచ్చాక తెలిసింది.

విషయం తమకు తెలియనిది కాదు. పెళ్ళి ద్వారా, ఆ పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే గ్రీన్ కార్డు వచ్చిన వారికి ఇచ్చేది షరతులతో కూడిన కార్డు, దాని ఆయుష్షు రెండేళ్ళు. కార్డు కోసం దొంగ పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారన్న అనుమానంతో 1986లో తెచ్చిన చట్టం ఇది. ఆ గడువు ముగిసే ముందు 90 రోజుల్లో, దంపతులిద్దరూ సంతకాలు చేసి, 750 డాలర్లు కట్టి, షరతులు తొలగించండి మహాప్రభో అని ఐ-751 అనే అర్జీ పెట్టుకోవాలి. మా పెళ్ళికి బెజవాడలో వచ్చిన జనం తక్కువేమీ కాదు. జీలకర్ర-బెల్లం మొదలు అప్పగింతల ఏడుపు దాకా ఆల్బమ్‌లో అన్నీ ఉన్నాయి. అయినా మా వకీలు గారు ఆ ఆల్బమ్‌ను రెండు నిమిషాల్లో తిరగేసి పక్కన పెట్టి, "ఇద్దరి పేర్లతో ఉన్న లీజు, ఇద్దరి పేర్లతో ఉన్న కరెంటు బిల్లు తెచ్చారా?" అని అడిగారు. అగ్నిసాక్షిగా జరిగిన పెళ్ళికి కరెంటు బిల్లు సాక్షి అన్నమాట. పైగా కార్డు వచ్చిన నాటి నుంచి ఏ ఇంట్లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కాపురమున్నామో వరుసగా రాయాలి. కాపురమంటే కలిసి ఉండడమని మాకు తెలుసు, కానీ అద్దె ఒప్పందాలన్నిటినీ తేదీలతో సహా ముందు వేసుకుని కూర్చున్నాక అది ఎంత కాగితపు వ్యవహారమో అర్థమైంది.

ఇంతవరకు తమ ప్రమేయం లేదు. అర్జీ పోస్టు చేసిన మూడో వారంలో అపార్ట్‌మెంటు వాళ్ళు అద్దె పెంచడం, మేము సామాను సర్దుకుని ఫ్రిస్కోకు మారడం జరిగాయి. తమ నియమం ప్రకారం ఇల్లు మారిన 10 రోజుల్లో ఆ సంగతి తెలియజేయాలి. ఆ 10 రోజులు ఎలా గడుస్తాయో కాగితం పుట్టుక పుట్టిన తమరికి తెలిసే అవకాశం లేదు. కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి గిన్నె ఏ అట్టపెట్టెలో ఉందో దొరకక, చివరికి కుక్కర్‌లోనే పొంగించి, పొంగిన పాలు స్టవ్ మీద మాడితే ఆ మాడు తుడవడానికి గుడ్డ ఏ పెట్టెలో ఉందో వెతుక్కుంటూ, రాత్రి పదకొండింటికి ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా మీద కూర్చున్న మనిషికి అమెరికా ప్రభుత్వం తన అడ్రసు కోసం ఎదురుచూస్తోందన్న ధ్యాస ఎలా వస్తుంది?

నిజం ఒప్పుకుంటాను. మా వారికి ఆ ధ్యాస వచ్చింది, కాకపోతే తప్పు గుమ్మం దగ్గర వచ్చింది. ఆయన తపాలా శాఖ సైటులో కొత్త అడ్రసు నమోదు చేసి, "అన్ని ఉత్తరాలూ ఇక ఇక్కడికే వస్తాయి" అని తృప్తిగా ప్రకటించారు. క్రెడిట్ కార్డు బిల్లులు వచ్చాయి, పిజ్జా కూపన్లు వచ్చాయి, పాత ఇంటి పూర్వపు అద్దెదారుల పేరు మీద ఏదో విత్తనాల క్యాటలాగు కూడా వచ్చింది. మా అర్జీ అందిందని ప్రభుత్వం నుంచి రావలసిన రసీదు ఉత్తరం మాత్రం రాలేదు. తపాలా వారికి చెప్పినంత మాత్రాన తమకు చెప్పినట్టు కాదని, ఇమ్మిగ్రేషన్ ఉత్తరాలను తపాలా వారు కొత్త ఇంటికి మళ్ళిస్తారన్న నమ్మకం లేదని మాకు అప్పుడు తెలిసింది. నా చేతిలోని కార్డు గడువు అప్పటికే ముగిసింది. దానికి మరో 48 నెలలు ప్రాణం పోసేది ఆ రసీదు ఉత్తరమే. ఆ కాగితాన్ని కార్డుతో కలిపి చూపిస్తే తప్ప తమ్ముడి పెళ్ళికి బెజవాడ వెళ్ళి తిరిగి రావడం కుదరదు. ఆ ప్రాణవాయువేమో ఇర్వింగ్‌లో, మేము ఖాళీ చేసిన ఇంటి తపాలా పెట్టెలో పడి ఉంది. ఆ ఇంట్లో కొత్తగా దిగిన గుంటూరు కుర్రాడు మా పేరు చూసి, ఎవరెవరినో అడిగి మా నంబరు సంపాదించి, "అక్కా, మీకేదో గవర్నమెంటు కవరు వచ్చింది" అని ఫోన్ చేశాడు కనుక బతికాము. మా తాతయ్య ఊరి పోస్ట్‌మాన్ ఆ కుర్రాడి రూపంలో టెక్సస్ వచ్చాడని నేను నమ్ముతున్నాను. ఆ కవరులో ఉన్నది అర్జీ కోసం వేలిముద్రలు ఇవ్వడానికి రమ్మనే పిలుపై ఉంటే, పిలిచినా రాలేదు కనుక అర్జీని వదులుకున్నట్టే అని దాన్ని కొట్టిపారేసే వీలుంది.

ఆ రాత్రే తమను ఆన్‌లైన్‌లో నింపాను. ఇల్లు మారిన 23వ రోజది. అంటే 13 రోజుల పాటు నేను చట్టం దృష్టిలో నేరస్థురాలిని. జరిమానా, లేదా 30 రోజుల వరకు జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. తమకు రుసుము లేదు, నింపడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అంత సులువైన పనికి అంత శిక్ష పెట్టడం మా ఎలిమెంటరీ స్కూలు డ్రిల్లు మాస్టారు తర్వాత తమలోనే చూశాను. నింపేటప్పుడు పెండింగులో ఉన్న అర్జీ రసీదు నంబరు కూడా ఇవ్వాలట, లేకపోతే నేను ఇల్లు మారతాను గానీ నా అర్జీ పాత ఇంట్లోనే ఉండిపోతుందట. ఆ నంబరు ఉన్నది ఆ రసీదు ఉత్తరం మీదనే.

మా వారు పౌరులు కనుక తమతో పని లేదని మీసం మెలేశారు. ఆ మురిపెం ఎక్కువసేపు నిలవలేదు. నన్ను పోషిస్తానని పూచీ పడి సంతకం చేసిన మనిషి కూడా ఇల్లు మారితే 30 రోజుల్లో ఐ-865 అనే తమ తోబుట్టువుకు చెప్పుకోవాలి. చెప్పకపోతే 250 నుంచి 2,000 డాలర్ల దాకా జరిమానా. నా తప్పు కంటే ఆయన తప్పు ఖరీదు ఎక్కువని తెలిసి ఆ పూట మనశ్శాంతిగా భోజనం చేశాను. ఒకే ఇంట్లోంచి ఒకే లారీలో ఒకే రోజున ఒకే ఇంటికి మారిన ఇద్దరం, వేర్వేరు గడువుల్లో వేర్వేరు ఫారాల మీద, మేమిద్దరం కలిసే ఉంటున్నామని రాసిచ్చాము. వీటిలో ఒకరిది కొత్త ఇల్లు, ఒకరిది పాత ఇల్లు అని కనబడిందా, మా కాపురం మీద మాకు లేని అనుమానం తమ వారికి వస్తుంది.

తమ వంశచరిత్ర కూడా కొంత చదివాను. పరాయి దేశస్థులంతా పేర్లు నమోదు చేసుకోవాలన్న చట్టం 1940 నాటిది. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఇల్లు మారినా మారకపోయినా ప్రతి జనవరిలో అందరూ అడ్రసు చెప్పుకునేవారట. 1981లో ఆ వార్షిక తద్దినం ఎత్తేశారు. 2002లో తమ నియమాన్ని మళ్ళీ గట్టిగా అమలు చేస్తామన్నప్పుడు, అంతకుముందు జనం బుద్ధిగా పంపిన కాగితాలు కాన్సాస్ సిటీ దగ్గర భూగర్భ గిడ్డంగిలో పెట్టెల కొద్దీ పోగుపడి ఉన్నాయని బయటపడింది. మా అట్టపెట్టెలు విప్పడానికి 10 రోజులు చాలలేదని నేను పడిన సిగ్గు ఆ వార్త చదివాక కొంత తగ్గింది.

ప్రస్తుతం తమ అంగీకార పత్రాన్ని ప్రింటు తీసి, పెళ్ళి సర్టిఫికెట్టు, రెండు లీజులు ఉన్న ఫైలులోనే పెట్టాను. అపార్ట్‌మెంటు నంబరు కూడా రాశానో లేదో అని మూడుసార్లు తీసి చూశాను, రాశాను. జవాబు పంపదలిస్తే ఈ చిరునామాకే పంపండి, కానీ మార్చి 31 లోపు పంపండి. లీజు అంతవరకే ఉంది, కొత్త అద్దె ఎంతో తెలిపే కాగితం నిన్ననే తలుపు సందులోంచి లోపలికి వచ్చింది.

ఇట్లు,
తమ విధేయురాలు,
(షరతులు వర్తిస్తాయి)