ఊక కలిపితే ప్లాస్టిక్ పచ్చబడదు

రైస్ మిల్లు వెనక ఊక కుప్పలోంచి గుప్పెడు తీసి నలిపి చూడండి, వేళ్లకు గరగరా తగులుతుంది. ఆ గరుకు సిలికాది. ఊకను పూర్తిగా కాలిస్తే బరువులో ఇంచుమించు ఐదో వంతు బూడిద మిగులుతుంది, అందులో అత్యధిక భాగం సిలికాయే. తొందరగా కుళ్లదు, పశువులకు మేతగానూ పనికిరాదు. ఇంత మొండి సరుకును పొడి చేసి ప్లాస్టిక్‌లో కలిపితే పోలా అన్నది పరిశోధకుల ఆలోచన.

ఫోర్డ్ కంపెనీ 2010 మోడల్ ఫ్లెక్స్ కారులో సామాన్లు పెట్టుకునే అరలకు గోధుమ గడ్డి కలిపిన ప్లాస్టిక్ వాడింది. తర్వాత ఎఫ్-150 ట్రక్కులో ఒక చిన్న భాగంలోకి ఊక కూడా చేరింది. కార్ల కంపెనీలకు బరువు తగ్గడమే లాభం. ప్లాస్టిక్‌లో మామూలుగా కలిపే సుద్దపొడి, టాల్క్ అనే రాతిపొడి సాంద్రత నీటికి 2.7 రెట్ల దాకా ఉంటే, మొక్కల పొడిది అందులో సగం కాస్త అటూ ఇటూ.

పేచీ అంతా తేమతోనే. ఊక నీళ్లను పీల్చుకుంటుంది, దాన్ని కలిపే ప్లాస్టిక్ పాలీప్రొపిలీన్‌కు నీళ్లు పడవు. రెండింటినీ ఊరికే కలిపితే అతుక్కోవు, లాగితే అక్కడే విడిపోతాయి. అందుకే మాలిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం చేర్చిన పాలీప్రొపిలీన్‌ను కొద్దిగా జిగురులా కలుపుతారు. పొడి సరిగ్గా ఎండకపోతే ప్లాస్టిక్‌ను కరిగించి కలిపే మెషిన్ వేడికి తేమ ఆవిరై సరుకు నిండా బుడగలే. వేడి 200 డిగ్రీలు దాటిందా, మాడు వాసన మొదలవుతుంది. పాలీప్రొపిలీన్ 165 దగ్గరే కరుగుతుంది కాబట్టి సరిపోయింది. నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్ కరగడానికి 250 కావాలి, దానితో ఈ పప్పులు ఉడకవు. పైగా సిలికా మెషిన్ స్క్రూను ఆకురాయిలా అరగదీస్తుంది.

ఇవన్నీ ఇంజినీర్లు చూసుకోగలరు. నాకు చిరాకు తెప్పించేది లేబుల్. మూడో వంతు ఊక కలిపి చేసిన కప్పు మీద ఆకు బొమ్మ వేసి ‘మట్టిలో కలిసిపోతుంది’ అని అమ్మితే ఎలా? మిగతా రెండొంతులు అదే పాత పాలీప్రొపిలీన్. మట్టిలో కలవదు సరికదా, కలగాపులగం సరుకని పాత సామాన్లవాడూ తీసుకోడు.

ఇంతకీ ఊక చెత్తేనా? మిల్లు బాయిలర్లలో మండేది అదే, ఇటుక బట్టీలవాళ్లు కొనేదీ అదే. అసలు వృథా చూడాలంటే ఏరివేత అయిపోయిన పత్తి చేనుకు వెళ్లాలి. కట్టె పీకించడానికి కూలీ ఇచ్చి మరీ రైతు దాన్ని గట్టు మీదే తగలబెడుతున్నాడు. ప్లాస్టిక్‌లో ఊక బదులు దాన్ని కలపాలంటే, టన్ను పత్తికట్టెను చేలోంచి తెచ్చి, నరికి, ఎండబెట్టి ఫ్యాక్టరీ గేటు దాకా చేర్చడానికి ఎంతవుతుందో ముందు ఆ లెక్క తేలాలి.