“ఫోన్లు వచ్చాకే ఈ రోగం” అన్న మెసేజ్‌కు నా జవాబు

వారం రోజులుగా హనుమకొండలోని మా బంధువుల గ్రూపులో, కాలనీ గ్రూపులో, ఆఖరికి పాత క్లాస్‌మేట్ల గ్రూపులో కూడా ఒకే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ అనేవి మన దగ్గర ఎప్పుడూ లేవు, ఫోన్లు వచ్చాక విదేశాల నుంచి పిల్లలకు అంటుకున్నాయి. సుప్రీంకోర్టు కూడా వద్దంది. తొందరగా పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి. వీళ్లను వెనకేసుకొచ్చే కాలేజీ పిల్లలకు అదొక ఫ్యాషన్. పంపినవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లు ఉన్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

“మన దగ్గర ఎప్పుడూ లేదు.” ఈ మాట అనేవాళ్లు వేములవాడ రాజన్న గుడికి ఎన్నిసార్లు పోయి ఉంటారో! శివకల్యాణం నాడు అక్కడికి జోగినులు, శివపార్వతులని పిలిచే భక్తులతో పాటు హిజ్రాలూ వస్తారు. చేతిలో త్రిశూలం పట్టుకుని, శివుణ్ణి పెళ్లాడుతున్నామని తలమీద అక్షింతలు పోసుకుంటారు. కోడె మొక్కు చెల్లించడానికి పోయిన మనమంతా చూసిందే కదా. ఇంకొకటి. నిజాం సర్కారు 1919లో హిజ్రాల మీద ఏకంగా ఒక చట్టమే చేసింది. వాళ్ల పేర్లకు రిజిస్టర్ పెట్టింది. అందులో పేరున్న మనిషి ఆడవేషంలో బజారులో కనిపిస్తే వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. మనుషులే లేకపోతే ఆ రిజిస్టర్ ఎవరి కోసం? ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. అంటే వందేళ్లు దాటాక. స్వలింగ సంబంధాలను నేరం చేసిన 377 సెక్షన్ సంగతి కూడా అంతే, 1860లో ఇంగ్లిషువాళ్లు రాసిన శిక్షాస్మృతిలోది. విదేశాల నుంచి మనకు వచ్చింది ఆ శిక్ష.

“సుప్రీంకోర్టు వద్దంది.” 2023 అక్టోబర్ 17న కోర్టు చెప్పింది పెళ్లి గురించి. స్వలింగ జంటల పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడం మా చేతిలో లేదు, అది పార్లమెంటు చెయ్యాల్సిన పని అంది. కలిసి బతకడం నేరమని అనలేదు. అది నేరం కాదని 2018 సెప్టెంబర్ 6నే తేల్చేసింది, ఆ తీర్పు అలాగే ఉంది. 2023 కేసులో మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్‌లో కాపురం ఉన్న జంట. వాళ్ల పెళ్లి వేడుకలో ఇంటివాళ్లు దగ్గరుండగలిగినప్పుడు, మనం కనీసం తీర్పునైనా సరిగ్గా చదవాలి.

“పెళ్లి చేస్తే సర్దుకుంటుంది.” మెసేజ్ మొత్తంలో నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఈ ఒక్క మాట. మా దగ్గరి బంధువుల్లో ఒకబ్బాయి ఇరవై రెండేళ్లప్పుడు తల్లికి నిజం చెప్పాడు. ముందు మొక్కులు, తాయెత్తులు అయ్యాయి. తర్వాత ఒక డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే ఆయన ఏవో గోలీలు రాసి, సంబంధం చూడమన్నాడు. చూశారు, చేశారు. ఆ అమ్మాయి ఏడాది తిరక్కుండానే పుట్టింటికి వచ్చేసింది. తప్పు ఆమెదేనని, ఆమెలోనే ఏదో లోపం ఉందని ఊరంతా అనుకుంది. అబ్బాయి నోరు విప్పలేకపోయాడు. ఇద్దరి జీవితాలూ పోయాయి, కట్నం పంచాయితీ మాత్రం రెండేళ్లు నడిచింది. ఆ అమ్మాయిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆమెను ఒక్కరైనా అడిగారా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను రోగాల జాబితా నుంచి 1990లోనే తీసేసింది. “మార్చేస్తాం” అంటూ చేసే కన్వర్షన్ థెరపీ డాక్టర్ వృత్తికే తప్పు అని మన నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. రోగమే కానప్పుడు ఫోన్ నుంచి అంటుకునేది ఏముంది? ఫోన్ వల్ల పిల్లలకు దొరికింది ఒక పేరు, తమలాంటివాళ్లు ఇంకా ఉన్నారన్న ధైర్యం. నేను చెప్పిన అబ్బాయికి ఆ రెండూ లేవు.

“కాలేజీ పిల్లల ఫ్యాషన్.” 2018 మే నెలలో ఐఐటీల్లో చదివిన, చదువుతున్న ఇరవై మంది తమ సొంత పేర్లతో 377కు వ్యతిరేకంగా సుప్రీంకోర్టుకు పోయారు. ఆ పిటిషన్‌లో మొదటి పేరు అన్వేష్ పొక్కులూరి, మన తెలుగు పేరు. అప్పటికి ఆ సెక్షన్ కింద జీవిత ఖైదు దాకా పడొచ్చు. పిటిషన్‌లో పేరు రాయడమంటే ఇంట్లో, ఉద్యోగంలో, దేశమంతా చెప్పుకున్నట్టే. ఫ్యాషన్ కోసం ఎవరైనా అంత పని చేస్తారా? ఆదిలాబాద్ రిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివిన ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్‌తో పాటు 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్‌గా చేరారు. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వాళ్లిద్దరే.

పిల్లలందరూ మంచివాళ్లని నేను అనను. హాస్టళ్లలో మెత్తగా మాట్లాడే అబ్బాయిని ఏమని పిలిచి ఏడిపిస్తారో అందరికీ తెలుసు. ఏడిపించేదీ ఆ వయసువాళ్లే. కానీ ఆ అబ్బాయి పక్కన మంచం వేసుకుని, “వాడు మా దోస్తు” అని చెప్పేదీ వాళ్లే. పెద్దవాళ్లం మనలో ఆ మాట అన్నవాళ్లు ఎందరు?

మొన్న పెత్తరమాస నాడు మా మేనకోడలు వాళ్ల నానమ్మ పక్కన కూర్చుని తంగేడు కట్టలు కడుతూ ఈ మెసేజ్ చదివి వినిపించింది. డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మా ఊర్ల ఒకడుండె. మా ఆడోళ్ల కంటె మంచిగ పేర్చేటోడు బతుకమ్మ. మొగోడివి నీకెందుకురా అని అందరం నవ్వేటోళ్లం” అంది.

“ఆయన ఏమైండు నానమ్మా?”

“ఊరిడిసి పోయిండు. ఏడికి పోయిండో ఎవ్వలం అడుగలె.”

“పేరేంది?”

అమ్మ చేతిలో పువ్వులు పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించి, చివరికి పేరు చెప్పింది. నాకు యాభై ఏళ్లు వస్తున్నాయి. ఆ పేరు మా ఇంట్లో వినడం నాకు అదే మొదటిసారి.