రోస్టర్ తేలేదాకా మెదళ్లు పెరగరాదు

కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లోని ఆరేళ్లలోపు పిల్లలందరికీ మనవి. యూనివర్సిటీ ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చేదాకా మీ మెదళ్లు పెరగడం ఆపాలి. మీ మీద పరిశోధన చేయాల్సిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంకా చేరలేదు.

అంగన్‌వాడీ గుడ్డు తినండి, కాదనం. కానీ పుట్టిన ఏడాదికే మెదడు బరువు రెట్టింపు దాటించడం ఏం మర్యాద? మెదడు ఎదుగుదలలో 85 శాతం పైచిలుకు ఆరేళ్లలోపే అయిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాసుంది. ఇక్కడ ఒక్క పోస్టు నిండాలంటే ఖాళీల లెక్క తేలాలి, తర్వాత రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ రిజర్వేషన్‌కో చెప్పే వరస, తేలాలి, ఆ రోస్టర్ మీద కోర్టు కేసు తేలాలి. అప్పటికి మీరు ఇంటర్‌లో ఉంటారు.

పోస్టు పడిందే అనుకుందాం. ఎవరిది? పసిబిడ్డలంటే హోంసైన్సు కదా అంటుంది సైకాలజీ. మెదడంటే జువాలజీ కదా అంటుంది హోంసైన్సు. ఎలుకదైతే చూద్దామంటుంది జువాలజీ. ఎడ్యుకేషన్ వాళ్లు మాత్రం ఎంఈడీ ఉందా అని ఒక్క ముక్క అడిగి ఊరుకుంటారు. అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్‌లోనూ సైకాలజీ, హోంసైన్సు, ఎడ్యుకేషన్ వేర్వేరు పేపర్లు. మూడింటి సందులో పడ్డవాడి దరఖాస్తు 'సంబంధిత సబ్జెక్టు' అన్న మాట దగ్గర, స్క్రూటినీలోనే ఆగిపోతుంది.

దాటినవాడికి మార్కులు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం యూనివర్సిటీ పోస్టుకు గరిష్ఠంగా డిగ్రీకి 15, పీజీకి 25, పీహెచ్‌డీకి 30, నెట్‌తో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు 7, అవార్డుకు 3. అనుభవం ఏడాదికి 2, పరిశోధన పత్రానికి 2, ఈ రెండూ ఒక్కోటి పదికి మించరాదు. టవర్‌క్లాక్ దగ్గర అన్నీ జిరాక్సు తీయించి స్పైరల్ బైండింగు వేయించాక గుర్తొస్తుంది: ఈ వంద మార్కులూ ఇంటర్వ్యూకు పిలవడానికే. ఎంపిక ఇంటర్వ్యూ ఒక్కదాని మీదే.

ఆ రెండు మార్కుల పత్రం సంగతి చూడండి. టీచర్లకు ప్రశ్నావళి పంచి, సగటు తీసి, సగటుల తేడా చూసే టీ-టెస్టు చేసినవాడికి 2. పసిబిడ్డల మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ తీసినవాడికీ 2. ఈ రెండోవాడు ఎలక్ట్రోడ్ల వలను పొటాషియం క్లోరైడు, బేబీ షాంపూ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి బిడ్డ తలకు తొడగాలి. అవ్వ పొద్దున్నే మాడుకు ఆముదం పట్టించి ఉంటుంది. నూనె మీద ఎలక్ట్రోడ్ సరిగా ఆనదు, సంకేతానికి అడ్డుపడే ఇంపిడెన్సు దిగిరాదు. తల కడుగుదామంటే "బిడ్డకు జలుబు చేస్తాదప్పా" అంటుంది. పాలు తాగాక, నిద్రకు ముందు దొరికే కాస్త వ్యవధిలోనే పని కావాలి. ఏడిస్తే కండరాల సిగ్నల్, వేలు చప్పరిస్తే దవడ సిగ్నల్. బిడ్డ బంగారంలా కూర్చున్నాడా, ఎర్తింగు సరిగా లేని గదిలో గోడ వైరింగులోని కరెంటు 50 హెర్ట్జ్‌తో రికార్డులో దూరుతుంది. ఆ రోజు రికార్డయింది మెదడు కాదు, స్విచ్‌బోర్డు. దానికి మార్కుల్లేవు.

ఈలోగా పిల్లల వికాసం మీద పాఠాలు గెస్ట్ ఫ్యాకల్టీ చెబుతున్నారు, పీరియడ్ లెక్కన. వేసవిలో పీరియడ్లుండవు, కాబట్టి డబ్బులూ ఉండవు. పెరగక తప్పదంటారా, పెరగండి. మే నెలలో మాత్రం వద్దు.