మూలవిరాట్టు కిచెన్, ఉత్సవమూర్తి వంటిల్లు

పోయిన మాఘమాసంలో మా తోడల్లుడు తిరుపతి పక్కన అవిలాల దగ్గర ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకు. ఆవు ముందు పోయింది, మేం వెనక పోయాం. అంతవరకూ అంతా శాస్త్రప్రకారమే నడిచింది. పాలు పొంగించే దగ్గర చిక్కు వచ్చింది.

పొయ్యి ఉండాల్సిన చోట నల్లటి అద్దం ఉంది. ఇండక్షన్ హాబట. బెంగళూరు నుంచి వచ్చిన డిజైనర్ కుర్రాడు దాని మీద వేలితో రుద్దితే ఎర్రటి అంకెలు వెలిగాయి. మా అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిన్నెను ఆ పొయ్యి గిన్నెగానే గుర్తించలేదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె వెతికి తెచ్చారు. పాలు కాగాయి, పొంగాయి, అదీ తూర్పువైపే పొంగాయి. మా మరదలు చేతులు జోడించింది. నాలుగు చుక్కలు అద్దం మీద పడ్డాయో లేదో, పొయ్యి మూడుసార్లు కీచుమని అరిచి ఆరిపోయింది.

"సేఫ్టీ ఫీచర్ సార్! పొంగితే దానంతట అదే ఆఫ్ అయిపోద్ది" అన్నాడు కుర్రాడు గర్వంగా.

పొంగితే ఆరిపోయే పొయ్యి గురించి ఏ గృహ్యసూత్రమూ చెప్పలేదు కాబట్టి పురోహితులవారు అరనిమిషం ఆలోచించి, "వెనకాల ఇంకేమన్నా ఉండాదా నాయనా?" అన్నారు.

ఉంది. రేకుల కింద కడప బండ, దాని మీద రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, పక్కన సిలిండరు. పాలు అక్కడ పొంగాయి. ఇల్లు అధికారికంగా ఇల్లయింది.

ఆ రోజు నుంచి నేను ఈ విషయం మీద గట్టిగా పరిశోధన చేస్తున్నాను. తేలిందేమిటంటే, నేటి విలాసవంతమైన కిచెన్‌ను మనం వంటగది అనుకోవడమే తప్పు. అది గర్భగుడి. ముందున్నది మూలవిరాట్టు: కదలదు, మెదలదు, దర్శనానికి మాత్రమే. వెనకున్నది ఉత్సవమూర్తి: ఎండనకా వాననకా తిరిగేది, అభిషేకాలు చేయించుకునేది, పసుపూ నూనే పూయించుకునేది అదే. ఈ ఏర్పాటును మన ఊరివాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మా మరదలు కూడా వచ్చినవాళ్లను బట్టి దర్శనం ఇప్పిస్తుంది. మామూలు చుట్టాలకు సోఫా దగ్గర నుంచే, దూరంగా, మహాలఘు దర్శనం. ఇల్లు కడుతున్నవాళ్లకు బ్రేక్ దర్శనం, సొరుగులు లాగి చూపించడంతో సహా. కొండమీద పోటు, అంటే స్వామివారి వంటశాల, ఎవరి కంటా పడదు, లడ్డు మాత్రం అందరికీ అందుతుంది. ఇక్కడ పోటు అందరికీ కనిపిస్తుంది, లడ్డు ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు.

వాస్తు చిక్కు కూడా ఈ సిద్ధాంతంతోనే విడిపోయింది. హాలు నడిమధ్యలో ఐలాండ్ అనే దీవి, అంటే నాలుగువైపులా ఖాళీ వదిలిన వంటబండ, వెలిసింది. అది బ్రహ్మస్థానం, అక్కడ అగ్ని పనికిరాదు, పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలని సిద్ధాంతిగారు పట్టుబట్టారు. వర్కింగ్ ట్రయాంగిల్ చెడిపోతుందని కుర్రాడు మొండికేశాడు. చివరికి మా తోడల్లుడు సిద్ధాంతిగారిని పక్కకు తీసుకుపోయి, "సామీ, ఆడ వంట చెయ్యం" అని మాట ఇచ్చాడు. వెంటనే దోషం తొలగిపోయింది.

ఆ ట్రయాంగిల్ ఏమిటో కూడా చెప్పాలి. పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఈ మూడింటినీ కలిపితే వచ్చే త్రిభుజమది. 1940లలో అమెరికాలో ఇల్లినాయిస్ యూనివర్సిటీవాళ్లు లెక్కగట్టారు. మూడు భుజాలూ కలిపి 13 అడుగులకు తగ్గకూడదు, 26 దాటకూడదు. మా మరదలి ఫ్రిజ్ హాల్లో చెక్క తలుపుల వెనక దాక్కుని ఉంది, పొయ్యి వెనక రేకుల కింద ఉంది, అంట్లు తోమేది బావి పక్కన. దాన్ని త్రిభుజం అనలేం, గిరిప్రదక్షిణ అనాలి.

ఇంత అవస్థకు మూలపురుషుడు ఎవరా అని వెతికితే మూలస్త్రీ దొరికింది. మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ల కోసం ఓ కిచెన్ గీసింది. రైలు డైనింగ్ కారులోని వంటగదిని చూసి నేర్చుకుని, ఆరున్నర చదరపు మీటర్లలో అన్నీ చేతికందేలా అమర్చింది. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. నేటి మాడ్యులర్ కిచెన్లన్నిటికీ ముత్తవ్వ అదే. ఆ కిచెన్ గీసేనాటికి తాను ఎన్నడూ ఇల్లు నడపలేదని, వంట చేయలేదని ఆమె తర్వాత స్వయంగా ఒప్పుకుంది. ఇది చదివాక మా కుర్రాడి మీద నా కోపం చల్లారింది. అతనూ హాస్టల్లో తిని పెరిగినవాడే. సంప్రదాయం నిలబెడుతున్నాడు.

ఇక రాయి సంగతి. దీవి మీద పరిచింది ఇటలీలోని కర్రారా పాలరాయి. మైకెలాంజెలో డేవిడ్ విగ్రహాన్ని చెక్కింది ఆ కొండల రాయితోనే. పాలరాయి అంటే సున్నపు సరుకు, పులుపు తగిలితే తింటుంది. చింతపండు రసం చుక్క పడితే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది, పసుపు పడితే చెప్పనే అక్కర్లేదు. అందువల్ల ఆ దీవి మీద చింతపండు, నిమ్మకాయ, టమాటా, పెరుగు, పసుపు నిషేధం. ఉమ్మడి చిత్తూరు జిల్లా వంటలోంచి ఇవన్నీ తీసేస్తే మిగిలేది వేన్నీళ్లు.

మన కుప్పం గ్రీన్ గ్రానైటు, ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ పలకలు ఓడలెక్కి విదేశాలకు పోతాయి. చింతపండుకు, వేడి సట్టికి చలించని రాళ్లవి. అవి అటు పోతుంటే కర్రారా రాయి ఇటు వస్తుంది. నడిసముద్రంలో ఆ రెండు ఓడలూ ఎదురుపడితే కెప్టెన్లు ఏమనుకుంటారో అని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టదు.

మిగతా బండలకు కృత్రిమ క్వార్ట్జ్ వేశారు. క్వార్ట్జ్ పొడిని జిగురుతో కలిపి పోతపోసిన పలక. అది కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు వస్తుందని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి దాని తయారీనీ అమ్మకాన్నీ బిగింపునూ నిషేధించింది. అవిలాలలో మాత్రం ఒకతను మూతికి తువ్వాలు కట్టుకుని మూడు రోజులు గేటు బయట కూర్చుని కోశాడు. దుమ్ము ఇంట్లోకి రాకూడదని తలుపులు వేసుకున్నాం. ఇందులో వ్యంగ్యం కలపడానికి నాకు చోటు దొరకలేదు.

సొరుగులకు పిడుల్లేవు. పిడి ఉంటే పాత ఫ్యాషనట. తడితే తెరుచుకుంటాయి. కాఫీ గ్లాసుతో దీవికి ఆనుకుని నిలబడిన మా పెదమామకు నడుము తగిలి గరిటెల సొరుగు మెల్లగా బయటికొచ్చింది. ఆయన బెదిరిపోయి దానికి నమస్కారం పెట్టాడు. మిక్సీకి షట్టరుతో గది ఉంది, పేరు అప్లయన్స్ గ్యారేజీ. మా తోడల్లుడి మిక్సీకి గ్యారేజీ ఉందని, నా స్కూటరు పదకొండేళ్లుగా వేపచెట్టు కింద ఎండుతోందని మా ఆవిడ ఇద్దరికీ ఒకేసారి గుర్తుచేసింది.

రంగు గురించి చెప్పకపోతే కళకు ద్రోహం చేసినట్టవుతుంది. అమెరికాలో పాంటోన్ అనే సంస్థ ఏటా ఒక రంగును ప్రకటిస్తుంది. 2025కు మోకా మూస్ అంది. కుర్రాడు ఆ రంగు ముక్కను కవర్లోంచి మంత్రాక్షతలా తీసి చూపించాడు. మా అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని, "రాగిపిండి కదరా ఇది" అంది. అల్మరాలన్నిటికీ రాగిపిండి రంగే వేశారు. తలుపులు బిగించేలోపే 2026 రంగు వచ్చేసింది: క్లౌడ్ డ్యాన్సర్, అంటే తెలుపు. మా జిల్లా రాగిసంగటి నుంచి తెల్లన్నానికి మారడానికి ఒక తరం పట్టింది. లోకం పన్నెండు నెలల్లో మారిపోయింది. షుగరొచ్చాక మళ్లీ సంగటికే వస్తుంది, అది వేరే సంగతి.

సంగటి అంటే గుర్తొచ్చింది. ఐదోరోజు అత్తగారికి సంగటి తినాలనిపించింది. బండ ఎత్తు 36 అంగుళాలు, ఆమె ఎత్తు ఐదడుగుల లోపు. కుర్రాడి ఎర్గానమిక్స్‌లో, అంటే మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చే లెక్కలో, అత్తగార్లు లేరు. ఆమె సట్టిని వెనక పొయ్యి మీద ఉడికించి, దించుకొచ్చి, ఇటాలియన్ నేల మీద గోనెసంచి పరిచి కూర్చుంది. సట్టిని రెండు పాదాల మధ్య అదిమిపట్టి, తెడ్డుకట్టె రెండు చేతులా పట్టుకుని కెలికింది. ఒక్క ఉండ లేకుండా మెత్తబడేదాకా ఆమె దవడ కూడా తెడ్డుతోపాటు తిరిగింది. తడిచేత్తో ముద్దలు కట్టి పళ్లెంలోకి దొర్లించింది. ఆ పూట అందరం నేలమీదే తిన్నాం. దీవి చుట్టూ ఉన్న నాలుగు ఎత్తు స్టూళ్లు మమ్మల్ని పైనుంచి చూస్తూ నిలబడ్డాయి.

దర్శనానికొచ్చిన చుట్టాలెవరో ఒకరోజు పొరపాటున వెనక తలుపు తెరిచి ఉత్సవమూర్తిని చూసేశారు. మా మరదలికి తల కొట్టేసినట్టయింది. ఉగాదిలోపు రేకులు ఊడాయి, కడప బండ పోయింది, వెనక వంటిల్లూ మాడ్యులర్ అయింది. అక్కడా పులుపు నిషేధం. ఇప్పుడు రెండూ మూలవిరాట్టులే.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదికి వాళ్లు బైరాగిపట్టెడలోని మా ఇంటికి వస్తున్నారు. చేతిలో ఎండుచేపల పొట్లం, లేదంటే అనపకాయల సంచి. "బావా, ఈడైతే ఎంచక్కా వండుకోవచ్చు" అంటుంది మరదలు, కొంగు బిగిస్తూ. డిజైన్ భాషలో చెప్పాలంటే మా ఇల్లు వాళ్ల మూడో కిచెన్.

పోయిన వారం పితికిపప్పు పులుసు ఉడుకుతుంటే మా తోడల్లుడు పొయ్యి వెనక గోడ దగ్గరికొచ్చి చాలాసేపు నిలబడ్డాడు. వేలితో మెల్లగా రాసి చూశాడు.

"అన్నా, ఈ షేడ్ ఏందన్నా? భలే వార్మ్‌గా ఉండాదే."

"తిరగవాత జిడ్డు" అన్నాను.

ఫోటో తీసి కుర్రాడికి పంపించాడు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. అటువైపు టైపింగ్ అని వస్తూనే ఉంది.