పిలవని పేరంటానికి వేలమంది

పదహారో పుట్టినరోజు చేసుకోబోతున్న ఒక అమ్మాయి 2012 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌లో స్నేహితులకు ఆహ్వానం పెట్టింది. స్నేహితులకే కనిపించాలని ఎంచుకోవలసిన చోట ‘పబ్లిక్’ అని ఉండిపోయింది. నెదర్లాండ్స్‌లోని హారెన్ ఆమె ఊరు. జనాభా ఇరవై వేల లోపు. సంగతి గమనించి ఆమె ఆహ్వానాన్ని తొలగించినా, ముక్కూమొహం తెలియనివాళ్లు అదే వేడుక పేరుతో కొత్త పేజీలు తెరిచారు. సెప్టెంబరు 21 రాత్రి ఆ ఊళ్లోకి వేలమంది దిగారు. పోలీసులపై రాళ్లు, సీసాలు పడ్డాయి, దుకాణాలు లూటీ అయ్యాయి, కారు తగలబడింది. అమ్మాయి అప్పటికే ఊళ్లో లేదు.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ వేళ్లన్నీ ఆ పిల్లవైపే చూపిస్తాయి. ఇది అన్యాయమని మా అభిప్రాయం. అంతకు ముందు ఏడాది హాంబర్గ్‌లో మరో అమ్మాయి సరిగ్గా ఇదే పొరపాటు చేసి, పార్టీ రద్దయిందని ముందే చెప్పినా దాదాపు 1,500 మంది ఆమె ఇంటి ముందు చేరారు. రద్దయిందని తెలిసీ వచ్చినవారిని పిలుపు పొరపాటున అందినవారిగా లెక్కగట్టలేం. ఎవరి పొరపాటో బజారున పడిందని తెలిసే, ఆ తమాషా చూడటానికే వారు వచ్చారు.

ఈ ఆకతాయితనం కొత్తదేమీ కాదు. 1810 నవంబరు 27న లండన్ బెర్నర్స్ స్ట్రీట్‌లోని 54వ నంబరు ఇంటికి తెల్లవారింది మొదలు చిమ్నీలు తుడిచేవాళ్లు, బొగ్గు బండ్లు, కేకులు, పియానో మోసుకొచ్చినవాళ్లు ఒకరి వెనుక ఒకరు వచ్చారు. చివరికి నగర లార్డ్ మేయరూ వచ్చాడు. అందరికీ ఆ ఇంటావిడ పేరుతో దొంగ ఉత్తరాలు వెళ్లాయి. రాయించింది థియోడర్ హుక్ అనే రచయిత. ఎదురింట్లో కూర్చుని చూశాడని కూడా చెబుతారు. అయితే ఆ అల్లరి కోసం అతడు వందలకొద్దీ ఉత్తరాలు సిద్ధం చేయవలసి వచ్చింది. ఇవాళ ఆ శ్రమ లేదు. ఒకడు పేజీ తెరుస్తాడు, మిగిలిన పని తలా ఒక నొక్కుతో వేలమంది పంచుకుంటారు, ఎవరిని అడిగినా తాను ఊరికే షేర్ చేశానంటాడు.

పోలీసులకు అసలు చిక్కు ‘వస్తున్నాను’ అనే మీట దగ్గర ఉంది. 2019లో అమెరికాలోని ఏరియా 51 సైనిక స్థావరంలోకి మూకుమ్మడిగా చొరబడదామని సరదాకి పెట్టిన పేజీలో ఇరవై లక్షల మందికి పైగా ఆ మీట నొక్కారు. తీరా ఆ రోజు నెవాడా ఎడారికి చేరినవారు కొన్ని వేలకు మించలేదు. మీట నొక్కినవారి అంకెను చూసి బెదిరిపోనూ కూడదు, నవ్వి వదిలేయనూ కూడదు. హారెన్ ఘటనపై ఆమ్‌స్టర్‌డామ్ మాజీ మేయర్ జాబ్ కోహెన్ నాయకత్వంలోని కమిషన్ 2013లో ఇచ్చిన నివేదిక స్థానిక యంత్రాంగం, పోలీసుల సన్నద్ధత చాలలేదని తప్పుపట్టింది. ఆ విమర్శ సబబే. కానీ ఆహ్వానం ఎంత దూరం, ఎంత వేగంగా పాకిందో గంట గంటకూ తెలిసేది వేదిక నడిపే సంస్థకే. పదిహేనేళ్ల పిల్ల పెట్టిన పిలుపు వేలమంది అపరిచితులకు చేరుతుంటే దాన్ని అక్కడే ఆపి, పెట్టినవారిని అడగడం, తొలగించిన ఆహ్వానాన్ని ఇతరులు అదే చిరునామాతో మళ్లీ తెరవకుండా చూడటం ఆ సంస్థలకు అసాధ్యమేమీ కాదు. అందుకు చట్టం వారిని బాధ్యులను చేయాలి. తమది కాని ఇంటికి జనాన్ని పిలిచినవారికి వయసు, సరదా అనే సాకులు బాధ్యత నుంచి పూర్తిగా తప్పించుకునే దారి కాకూడదు.

పత్రికలకూ ఇందులో పాత్ర ఉంది. ‘ఈ రాత్రి ఏమవుతుందో’ అని ముందురోజే రాసే వార్త, ఇంకా ఆహ్వానం చూడనివారికి దాన్ని చేరవేస్తుంది. 2024 అక్టోబరు 31న డబ్లిన్‌లో, అసలు లేనే లేని హాలోవీన్ పరేడ్ కోసం వేలమంది ఓకానెల్ వీధిలో గుమిగూడారు. ఏదో ఒక వెబ్‌సైట్‌లో ఉంది కదా అని నమ్మారు తప్ప, నిర్వాహకులెవరని ఎవరూ ఆరా తీయలేదు. అటువంటి పిలుపు మా దృష్టికి వస్తే పిలిచినవారెవరో ముందు కనుక్కుంటాం. అది ఒక ఇంటి వేడుకైతే, తేదీ గడిచేవరకు ఆ వీధి పేరు అచ్చువేయం.